లక్సెంబర్గ్ ఉచిత బస్సు, ట్రామ్, రైలు: నా రివ్యూ (సరిహద్దు లోపల ఐదు స్టార్లు, దాటితే మూడు)

లక్సెంబర్గ్‌లో బస్సు, ట్రామ్, రైలు మూడూ ఫ్రీ. 2020 మార్చి 1 నుంచి అంతే. టికెట్ లేదు, కార్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, మీరు ఇక్కడ ఉండేవాళ్ళా, ఊరు చూడటానికి వచ్చినవాళ్ళా అని అడిగేవాళ్ళూ లేరు. వచ్చిన బండి ఎక్కడం, దిగాల్సిన చోట దిగడం. దేశమంతటా ఇలా చేసిన మొట్టమొదటి దేశం ఇదే. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, కారు లేదు, ఆఫీసుకైనా కూరగాయలకైనా ఈ సర్వీసే దిక్కు. మనవాళ్ళు ఇక్కడికి ఉద్యోగం వచ్చినప్పుడు అడిగే ప్రశ్నల్లో మొదటి మూడింటిలో ఇది ఒకటి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. బండ్ల గురించి మాత్రమే రాస్తే సగమే చెప్పినట్టు అవుతుంది, ఎందుకంటే ఈ బండ్లలో ఎక్కేవాళ్ళలో చాలామంది ఈ దేశంలో ఉండరు. పొద్దున వస్తారు, సాయంత్రం పక్క దేశంలో ఉన్న ఇంటికి పోతారు. ఆ సంగతి వదిలేసి ఈ సర్వీసుకి మార్కులు వేయడం కుదరదు.

ముందు ట్రామ్. 2017 డిసెంబర్‌లో మొదలైంది, కొంచెం కొంచెంగా పొడిగిస్తూ వచ్చారు. 2020 చివర్లో రైల్వే స్టేషన్ దాకా వచ్చింది, 2025 మార్చిలో ఫిండెల్ ఎయిర్‌పోర్టుకి చేరింది. అంటే ఇప్పుడు విమానం దిగి, సూట్‌కేసు లాక్కుంటూ బయటికొచ్చి, పైసా కట్టకుండా ఊరి నడిబొడ్డుకి వెళ్ళిపోవచ్చు. ఊరి మధ్యలో పైన కరెంటు తీగలు కూడా ఉండవు, స్టాపుల్లో ఆగినప్పుడే చార్జ్ ఎక్కించుకుంటుంది. లోపల శుభ్రంగా ఉంటుంది, తర్వాతి స్టాపు పేరు చెబుతారు, పిల్లల బండితో ఎక్కడానికి, వీల్‌చెయిర్‌తో ఎక్కడానికి ఇబ్బంది లేదు. రష్ టైమ్‌లో నిలబడాల్సిందే, కానీ ఎక్కువసేపు ఎదురు చూడక్కర్లేదు. ఇదే ట్రామ్ కిర్ష్‌బర్గ్ గుట్ట మీదుగా పోతుంది. యూరప్ న్యాయస్థానం, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్, యూరోపియన్ పార్లమెంటు సెక్రటేరియట్, అన్నీ ఆ గుట్ట మీదే. గుట్ట కింద పాఫెన్‌తాల్ స్టేషన్లో రైలు దిగి, ఫ్యునిక్యులర్ అనే ఆ వాలు రైల్లో ఒక నిమిషంలో పైకొచ్చి ట్రామ్ పట్టుకునే ఏర్పాటు నాకు ఈ మొత్తం సర్వీసులో అన్నిటికన్నా నచ్చింది. రైలు, వాలు రైలు, ట్రామ్ ఒకదానికొకటి ఇంత బాగా అతికించిన చోటు నేను ఇంకోటి చూడలేదు.

పల్లెలకు వెళ్ళే బస్సులు కూడా ఫ్రీయే, బాగానే తిరుగుతాయి. కాకపోతే ఆదివారం, రాత్రి పొద్దుపోయాక తగ్గిపోతాయి, కాబట్టి ఊరికి దూరంగా ఇల్లు తీసుకునేవాళ్ళు వారం రోజుల్లోని టైంటేబుల్ చూసి మురిసిపోకుండా ఆదివారంది చూడండి. రైల్లో ఫస్ట్ క్లాస్‌కి మాత్రం ఇప్పటికీ టికెట్ కొనాలి. సెకండ్ క్లాస్ కూర్చోవడానికి చాలా బాగుంటుంది, ఫస్ట్ క్లాస్ అవసరం నాకు కనిపించలేదు.

డబ్బు ఎక్కడిదని మీరు అడుగుతారు, అడగాలి కూడా. ఫ్రీ చేయకముందు రెండు గంటల టికెట్ 2 యూరోలు, రోజంతటికీ 4 యూరోలు ఉండేది. టికెట్ల మీద ఏడాదికి వచ్చేది దాదాపు 4 కోట్ల యూరోలు, సర్వీసు నడపడానికి అయ్యే ఖర్చు దాదాపు 50 కోట్లు. అంటే జనం కట్టేది అప్పటికే పదో వంతు కూడా కాదు, మిగతాదంతా పన్నుల నుంచే వెళ్ళేది. ఆ చివరి ముక్క కూడా ప్రభుత్వమే భరిస్తే టికెట్ మెషీన్లు, చెకింగులు, పాసుల గొడవ పోతుందని అప్పటి రవాణా మంత్రి ఫ్రాంస్వా బౌష్ వాదించాడు. ఈ లెక్క నాకు సబబుగానే అనిపిస్తుంది. దీన్ని చూసి "ఫ్రీ ఇస్తే ఆర్టీసీ మునిగిపోతుంది" అనే మన దగ్గరి వాదనకి జవాబు దొరికిందని అనుకోకండి, ఈ దేశం లెక్క వేరు, మన ఆర్టీసీ లెక్క వేరు. టికెట్ల మీదే ఎక్కువ భాగం నడిచే సంస్థకి ప్రభుత్వం డబ్బు సమయానికి చెల్లించకపోతే కష్టమే.

మన పథకాలతో పోలిక మాత్రం ఒక చోట సూటిగా కుదురుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది కదా, ఆడవాళ్ళకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. పక్క రాష్ట్రానికి పోయే బస్సు ఎక్కితే రాష్ట్ర సరిహద్దు దాకా ఫ్రీ, అక్కడి నుంచి చార్జీ. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీ శక్తి కూడా రాష్ట్రం లోపలికే. లక్సెంబర్గ్‌దీ అచ్చంగా ఇదే పద్ధతి. దేశం లోపల ఫ్రీ, సరిహద్దు స్టేషన్ దాటితే అవతలి దేశపు చార్జీ కట్టాలి. కాకపోతే విజయవాడ నుంచి రోజూ హైదరాబాద్ ఆఫీసుకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఇక్కడ రోజూ సరిహద్దు దాటి పనికొచ్చేవాళ్ళు 2 లక్షల 20 వేలకి పైనే ఉన్నారు.

ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే దేశం సైజు చెప్పాలి. లక్సెంబర్గ్ జనాభా మొత్తం 6 లక్షల 80 వేలు. ఇక్కడ జీతం తీసుకునే వందమందిలో దాదాపు 47 మంది సరిహద్దు అవతల నుంచి వచ్చేవాళ్ళు, ఇంకో పాతిక మందికి పైన ఇక్కడే ఉంటున్న విదేశీయులు, లక్సెంబర్గ్ పౌరులు నాలుగో వంతు. సరిహద్దు దాటి వచ్చేవాళ్ళని ఇక్కడ ఫ్రాంటాలియే అంటారు, సగానికి పైగా ఫ్రాన్స్ నుంచి, మిగతావాళ్ళు జర్మనీ, బెల్జియంల నుంచి ఇంచుమించు సమానంగా. ఫ్రాన్స్‌లోని మెట్జ్, థియోన్విల్, లాంగ్వీ, బెల్జియంలోని ఆర్లోన్, జర్మనీలోని ట్రియర్ ఊళ్ళ పేర్లు మా ఆఫీసులో కూకట్‌పల్లి, ఉప్పల్ అన్నంత మామూలుగా వినబడతాయి. థియోన్విల్ నుంచి రైలు అరగంట లోపే, మెట్జ్ నుంచి ముప్పావు గంట పైచిలుకు. పొద్దున ఆ రైలు లక్సెంబర్గ్ స్టేషన్లోకి వచ్చినప్పుడు ప్లాట్‌ఫాం చూడాలి. డబుల్ డెక్కర్ పెట్టెల్లోంచి జనం దిగుతూనే ఉంటారు. నర్సులు, అకౌంటెంట్లు, హోటల్లో పనిచేసేవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు. వాళ్ళందరూ స్టేషన్ ముందు ట్రామ్ ఎక్కుతారు, అదీ ఫ్రీయే. కానీ వాళ్ళు రోజూ చేసే ప్రయాణంలో ఖర్చయ్యే భాగమంతా సరిహద్దు అవతలే ఉంటుంది, దానికి వాళ్ళే కట్టుకుంటారు.

ఎందుకొస్తారంటే జీతం. 2025 మే నాటికి లక్సెంబర్గ్‌లో నైపుణ్యం లేని పనికి నెలకి కనీస వేతనం 2,700 యూరోల చేరువలో ఉంది, ఫ్రాన్స్‌లో 1,800 చిల్లర. (ఫ్రాన్స్‌లో వారానికి 35 గంటలు, ఇక్కడ 40, అది తీసేసినా తేడా పెద్దదే.) పైగా ఇక్కడ ఇండెక్స్ అని ఒక పద్ధతి ఉంది, ధరలు ఒక మోతాదు దాటి పెరగగానే అందరి జీతాలూ, పెన్షన్లూ 2.5 శాతం తమంతట తామే పెరుగుతాయి, మేనేజర్‌ని బతిమాలక్కర్లేదు. ఫ్రాన్స్ వాళ్ళకి ఇది కలలో మాట.

ఈ తేడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు ఇనుము, ఉక్కు. లక్సెంబర్గ్ దక్షిణాన ఎష్, సరిహద్దుకి అటు ఫ్రాన్స్‌లో విలెరూప్, లాంగ్వీ, అన్నీ ఒకే ఖనిజం మీద బతికిన ఊళ్ళు. యూరోపియన్ యూనియన్ మొదలైందే ఈ బొగ్గు, ఉక్కులతో. 1950 మే 9న బొగ్గు, ఉక్కు కలిపి నడుపుదామని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ప్రకటన, 1951లో పారిస్ ఒప్పందం, 1952లో బొగ్గు ఉక్కు సమాఖ్యని నడిపే హై అథారిటీ లక్సెంబర్గ్ నగరంలోనే పని మొదలుపెట్టింది. షూమన్ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. తర్వాత 1970ల్లో ఉక్కు సంక్షోభం వచ్చింది, అటూ ఇటూ కొలుములు ఆరిపోయాయి. ఇక్కడే రెండు దారులు విడిపోయాయి. లక్సెంబర్గ్ బ్యాంకులు, ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లు, యూరప్ సంస్థల వైపు తిరిగింది, లాంగ్వీ వైపు అలాంటిదేమీ రాలేదు, 1979లో అక్కడి కార్మికులు చేసిన పోరాటాలు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. లక్సెంబర్గ్‌లో చివరి కొలిమి బెల్వాల్‌లో 1997లో ఆగింది. ఇప్పుడు ఆ కొలుముల పక్కనే యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఫ్రీ రైల్లో వెళ్ళి చూడొచ్చు, తప్పకుండా చూడండి, తుప్పు రంగు గోపురాల కింద పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని తిరుగుతుంటారు. ఇక్కడి పాత ఉక్కు కంపెనీ ఆర్బెడ్ 2002లో ఆర్సెలార్‌లో కలిసి, 2006లో లక్ష్మీ మిట్టల్ చేతికి వచ్చింది, ఆర్సెలార్‌మిట్టల్ హెడ్డాఫీసు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే. విశాఖ ఉక్కు గురించి ఆలోచించే ఎవరికైనా బెల్వాల్, లాంగ్వీ రెండూ ఒకే రోజు చూస్తే చాలా అర్థమవుతుంది.

అందుకే నాకు అవతలి స్టేషన్ల సంగతి పట్టింపు. ఫ్రాంటాలియే ఆదాయపు పన్ను కట్టేది లక్సెంబర్గ్‌కి, ఎందుకంటే పని చేసేది ఇక్కడ. కానీ వాళ్ళ పిల్లల బడి, వాళ్ళ ఊరి రోడ్డు, వాళ్ళ ఇంటి ముందు చెత్త ఎత్తడం, అదంతా ఫ్రాన్స్‌లోని మున్సిపాలిటీ పని. జెనీవా చూడండి, అది యూరోపియన్ యూనియన్‌లోనే లేదు, అయినా 1973 ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ నుంచి వచ్చే ఉద్యోగుల జీతాల మొత్తంలో 3.5 శాతం లెక్కన అవతలి ఫ్రెంచ్ జిల్లాలకి ఏటా చెల్లిస్తుంది. బెల్జియం సరిహద్దు ఊళ్ళకి లక్సెంబర్గ్ కూడా కొంత పరిహారం ఇస్తుంది. ఫ్రాన్స్ ఊళ్ళకి మాత్రం అలా నేరుగా ఇచ్చేది లేదు, 2020లో మెట్జ్ మేయర్ అయిన ఫ్రాంస్వా గ్రోదిదియే ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చాడు. లక్సెంబర్గ్ చెప్పేది ఏంటంటే, మేం డబ్బు పంచము, ప్రాజెక్టులకి కలిసి పెట్టుబడి పెడతాం. 2018 నుంచి అలా రైలు మార్గాలకి, సరిహద్దు స్టేషన్ల దగ్గర కార్లు పెట్టుకునే స్థలాలకి ఫ్రాన్స్‌తో కలిసి డబ్బు పెడుతోంది. ప్రయాణికుడిగా నాకు ఇది ఉపయోగమే, పొడుగాటి రైళ్ళు రావాలంటే అవతలి ప్లాట్‌ఫాంలు పొడిగించాలి, అది ఫ్రాన్స్ ఒక్కటే చేయలేదు. కానీ అది ఒక నర్సు జీతానికీ, థియోన్విల్ ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న నర్సు పోస్టుకీ జవాబు కాదు. ఫ్రాన్స్ ఖర్చుతో చదువుకున్న నర్సు అరగంట రైలెక్కి ఎక్కువ జీతానికి ఇక్కడికొస్తుంది, ఆమెని తప్పు పట్టేవాళ్ళెవరూ ఉండరు, నేనూ పట్టను. ఆసుపత్రి మాత్రం ఖాళీ అవుతుంది.

ఉద్యోగం పోతే ఇంకో తిరకాసు. యూరప్ నియమాల ప్రకారం ఫ్రాంటాలియేకి నిరుద్యోగ భృతి ఇచ్చేది వాళ్ళు ఉండే దేశం. ఏళ్ళ తరబడి చందా తీసుకున్నది లక్సెంబర్గ్, భృతి ఇవ్వాల్సింది ఫ్రాన్స్, లక్సెంబర్గ్ తిరిగిచ్చేది మూడు నెలల మొత్తం, అంతకు ముందు రెండేళ్ళలో కనీసం ఏడాది పని చేసి ఉంటే ఐదు నెలలది. దీన్ని మార్చాలని యూరోపియన్ కమిషన్ 2016లో ప్రతిపాదన పెట్టింది, దేశాల మధ్య ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. హక్కుల విషయంలో మాత్రం కిర్ష్‌బర్గ్ మీది న్యాయస్థానం ఫ్రాంటాలియేల పక్షాన గట్టిగానే నిలబడింది. పై చదువులు చదివే పిల్లలకిచ్చే ప్రభుత్వ సాయం ఇక్కడ నివసించేవాళ్ళకే అని లక్సెంబర్గ్ 2010లో పెట్టిన నియమాన్ని 2013లో తప్పుబట్టింది, ఫ్రాంటాలియే జీవిత భాగస్వామి పిల్లలకి అలవెన్సు ఆపేస్తే 2020లో అదీ కుదరదంది. ఆ తీర్పుల వల్ల లాభపడ్డ కుటుంబాలు ఎన్నో. ఆ కోర్టు తీర్పులు ఈ ప్రాంతంలో రోజువారీ బతుకుని ఎంత ముట్టుకుంటాయో ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.

సరిహద్దు లేదనుకుని బతకడం మొదలుపెట్టిన చోట సరిహద్దు తిరిగొస్తే ఏమవుతుందో కూడా ఇక్కడ చూశాం. 1985 జూన్ 14న, దేశాల మధ్య సరిహద్దు చెకింగులు తీసేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది ఈ దేశంలోని షెంగెన్ అనే చిన్న ద్రాక్షతోటల ఊరి దగ్గర, మొజెల్ నది మీద పడవలో. అదే నది మీద, 2020 మార్చి 16న కోవిడ్ అని జర్మనీ సరిహద్దు మూసింది, మే మధ్య దాకా. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళలో సగానికి పైగా సరిహద్దు అవతలి వాళ్ళే కాబట్టి ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంలు తమ వాళ్ళని వెనక్కి పిలిస్తే ఏం చేయాలని ప్రభుత్వం భయపడింది, నర్సులకీ వాళ్ళ కుటుంబాలకీ ఇక్కడ హోటళ్ళలో గదులు ఏర్పాటు చేసింది. 2024 సెప్టెంబర్ 16 నుంచి మళ్ళీ జర్మనీ అన్ని భూ సరిహద్దుల్లో చెకింగ్ మొదలుపెట్టింది, ఈసారి అక్రమ వలసల పేరుతో. రైలు మీద వచ్చేవాళ్ళకి పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు గానీ రోడ్డు మీద వచ్చే బస్సులకి, కార్లకి ఆలస్యాలు తప్పట్లేదు. జర్మనీ వైపు ట్రియర్‌కి సరదాగా వెళ్ళినా పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు దగ్గర పెట్టుకోండి, మన మొహాలు చూసి అడిగే అవకాశం ఎక్కువ.

కోవిడ్ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది కదా, రైళ్ళు ఖాళీ అవుతాయని కొందరు అన్నారు. కాలేదు, కారణం పన్నులే. ఫ్రాంటాలియే ఇంటి నుంచి పనిచేస్తే ఆ రోజు పని జరిగింది ఫ్రాన్స్‌లో, కాబట్టి పన్ను ఫ్రాన్స్‌కి. ఏడాదికి 34 రోజుల దాకా పట్టించుకోబోమని మూడు పక్క దేశాలతోనూ ఒప్పందం ఉంది, 35వ రోజు వచ్చిందంటే మొదటి రోజు నుంచీ లెక్క. మా ఆఫీసులో మెట్జ్ నుంచి వచ్చే ఒకావిడ ఆ రోజుల్ని మనం క్యాజువల్ లీవులు దాచుకున్నట్టు దాచుకుంటుంది, పిల్లాడికి జ్వరం వస్తే, రైల్వే సమ్మె ఉంటే వాడటానికి. సోషల్ సెక్యూరిటీకి ఇంకో లెక్క, 2023 జులై నుంచి దాదాపు సగం సమయం దాకా ఇంటి నుంచి చేయనిస్తారు. ఒకే పనికి రెండు లెక్కలు, రెండు ఆఫీసులు. పక్కింటి తలుపు కొట్టినంత తేలిగ్గా మనిషి దేశం దాటుతాడు, అతని కాగితం మాత్రం దాటదు.

ఇక మన వాళ్ళ సంగతికొస్తా. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఐటీలోనో ఫండ్ అకౌంటింగ్‌లోనో ఉద్యోగం వచ్చి దిగేవాళ్ళు మొదటి నెల్లోనే ఇంటి అద్దెలు చూసి బెంబేలెత్తిపోతారు. వెంటనే ఎవరో ఒకరు చెబుతారు, "థియోన్విల్‌లో సగం అద్దెకే వస్తుంది, రైల్లో అరగంటే కదా" అని. ఫ్రెంచ్ పౌరుడికి, పోర్చుగీసు పౌరుడికి అది నిజం, వాళ్ళకి ఎక్కడ ఉండాలో ఎక్కడ పనిచేయాలో వాళ్ళ ఇష్టం. లక్సెంబర్గ్ పౌరులు కూడా ఇళ్ళ ధరలు భరించలేక జర్మనీలోని పెర్ల్, బెల్జియంలోని ఆర్లోన్ వైపు వెళ్ళిపోతున్నారు. కానీ మన రెసిడెన్స్ పర్మిట్ లక్సెంబర్గ్‌లో నివాసం ఉండటానికి ఇచ్చింది. ఫ్రాన్స్‌లో కాపురం పెట్టాలంటే ఫ్రాన్స్‌లో ఉండే హక్కు వేరే సంపాదించాలి, అక్కడ ఉంటూ ఇక్కడ పనిచేయడానికి లక్సెంబర్గ్ పని అనుమతి మళ్ళీ కావాలి. అలాగే ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో ఉంటున్న మన వాళ్ళు అక్కడి కార్డు చూపించి ఇక్కడ ఉద్యోగంలో చేరిపోలేరు. బ్లూ కార్డు (ఎక్కువ నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే యూరప్ పర్మిట్) ఉన్నవాళ్ళకి ఏడాది తర్వాత ఇంకో దేశానికి మారడం కొంచెం సులువు చేశారు, అప్పుడు కూడా కొత్త దేశంలో కొత్తగా అప్లై చేయాల్సిందే. వీకెండ్‌కి పారిస్ పోవచ్చు, ప్రాగ్ పోవచ్చు, షెంగెన్ అంటే మనకి అంతవరకే. స్వేచ్ఛగా పనిచేసే యూరప్, స్వేచ్ఛగా తిరిగే యూరప్ రెండూ ఒకటి కావు, ఇది ఎంత త్వరగా తెలిస్తే అంత డబ్బు మిగులుతుంది. ఇక్కడ ఇల్లు చూపించిన ఒక ఏజెన్సీ నాకే "అవతల తీసుకోండి, అందరూ చేస్తున్నదే" అని చెప్పింది, నేను పర్మిట్ చూపించి అడిగితే అక్కడ మౌనం. మంచి కబురు కూడా ఒకటి ఉంది, 2023 సెప్టెంబర్ నుంచి ఫ్యామిలీ పర్మిట్ మీద వచ్చిన భార్య లేదా భర్త వేరే పని అనుమతి లేకుండా ఉద్యోగం చేయవచ్చు. చదువుకుని ఇంట్లో కూర్చోవాల్సి వచ్చిన మన ఆడపిల్లలు ఎంతమందికో ఇది పెద్ద ఊరట.

తెల్లవారుజామున ఐదింటి బస్సు ఎక్కితే ఇంకో లోకం కనబడుతుంది. దాదాపు అందరూ పోర్చుగీసు మాట్లాడతారు, ఆఫీసులు తుడిచేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు. 1970లో పోర్చుగల్, లక్సెంబర్గ్‌ల మధ్య కార్మికుల ఒప్పందం కుదిరిన దగ్గర్నుంచి వస్తున్నారు, ఇప్పుడు ఈ దేశంలో అతి పెద్ద విదేశీ సమూహం వాళ్ళే. తక్కువ జీతం, కారు లేని కుటుంబం, ఒకరోజులో రెండు మూడు చోట్ల పని. ఈ ఫ్రీ సర్వీసు వల్ల నిజంగా నెల బడ్జెట్ మారింది వీళ్ళకే అని నా నమ్మకం. సూటు వేసుకుని ట్రామ్ ఎక్కేవాళ్ళకి 2 యూరోలు మిగిలినా మిగలకపోయినా ఒకటే.

మరి జనం కార్లు మానేశారా అంటే, లేదు. తలసరి కార్ల లెక్కలో లక్సెంబర్గ్ యూరప్‌లో పైవరసలోనే ఉంది, పెట్రోలు పక్క దేశాల కంటే చవక, కంపెనీలు కార్లిస్తాయి. సాయంత్రం ఫ్రాన్స్ వైపు ఏ31 హైవే చూస్తే తెలుస్తుంది, కిలోమీటర్ల కొద్దీ ఎర్ర లైట్లు. అవతలి ఊళ్ళో చాలా ఇళ్ళకి స్టేషన్ దూరం, అక్కడ బస్సు లేదు, ఒకసారి కారు తీశాక మనిషి స్టేషన్ దగ్గర ఆపి రైలెక్కడు, నేరుగా ఆఫీసుకే పోతాడు. టికెట్ ఫ్రీ చేయడం కన్నా బండి తరచుగా రావడం, ఇంటి దగ్గర దొరకడం ముఖ్యమని ఇక్కడ రుజువైంది. ట్రామ్ వెళ్ళిన చోట జనం ఎక్కుతున్నారు, అది ఫ్రీ అని మాత్రమే కాదు, ఎదురు చూడక్కర్లేదు కాబట్టి.

నా మార్కులు ఇవి. దేశం లోపల తిరగడానికి ఐదుకి ఐదు, అందులో నాకు ఏ అనుమానం లేదు. దేశపు ఉద్యోగుల్లో సగంమందికి దాదాపు అవసరమయ్యే సరిహద్దు ప్రయాణానికి మూడు. ఇంకా మంచి మార్కులు ఇవ్వాలంటే థియోన్విల్, ఆర్లోన్, ట్రియర్‌ల నుంచి వచ్చే నెల పాసులో ఒక భాగమైనా లక్సెంబర్గ్ ఖజానా భరించాలి. వాళ్ళ ఆదాయపు పన్ను ఇక్కడికే వస్తోంది కదా. పెన్షన్ల గురించి 2025లో ఇక్కడ పెద్ద గొడవ నడిచింది, జూన్ 28న యూనియన్లు వేలమందితో రాజధానిలో ఊరేగింపు తీశాయి. ఇన్నాళ్ళూ పెన్షన్ ఫండ్ నిండింది కొత్తగా వచ్చిన ఫ్రాంటాలియేల చందాలతో. వాళ్ళు రిటైరయ్యాక ఆ పెన్షన్లు లాంగ్వీకీ ట్రియర్‌కీ పంపాలి, దానికి ఇంకా కొత్తవాళ్ళు రావాలి. ఆ కొత్తవాళ్ళు రావాల్సింది ఇవే రైళ్ళలో. అందుకని రైళ్ళకి పెట్టే ఖర్చుని సంక్షేమం అనుకోకుండా పెట్టుబడి అనుకుంటే బాగుంటుందని నాకనిపిస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి చివరిగా. ఇల్లు ఊళ్ళో దొరక్కపోతే ఉత్తరం వైపు రైలు లైను మీద మెర్ష్, ఎట్టెల్‌బ్రుక్ చూడండి, ఎట్టెల్‌బ్రుక్ నుంచి కూడా అరగంటే, మొత్తం ఫ్రీ, పాఫెన్‌తాల్‌లో దిగితే కిర్ష్‌బర్గ్ ఆఫీసులకి ఇంకా దగ్గర. దక్షిణాన ఎష్, బెల్వాల్ కూడా బాగుంటాయి. మొబిలిటైట్ యాప్ ఫోన్లో వేసుకుని, అద్దెకి చూస్తున్న ఇంటి అడ్రసు నుంచి ఆఫీసుకి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెతికి చూడండి. ఫ్రాన్స్ వైపు ఇల్లు ఎవరు ఎంత చవకగా చూపించినా, మీ పర్మిట్ మీద కుదురుతుందో లేదో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతలో జవాబు వచ్చాకే అడ్వాన్సు కట్టండి.